మునిగే ఇంటి బలం

ఎవరింట్లో చావు జరిగినా తాడూ వెదురు బద్దలూ పట్టుకుని అందరికంటే ముందు తయారయ్యే కొండ్రు మస్తాన్రావు, ప్రసాదలింగం చస్తే మాత్రం ఆ వీధి మొహం కూడా చూడనని సున్నపుబట్టీల పేట మొత్తానికి వినపడేట్టు చెప్పేశాడు. ప్రసాదలింగానికి చావొచ్చే సూచనలేమీ లేవు. నిక్షేపంలా ఉన్నాడు. ఆ మధ్యే ప్రమోషన్ కూడా వచ్చింది. అయినా ఇట్లాంటివి ముందే చెప్పి ఉంచడం మంచిదని మస్తాన్రావు అభిప్రాయం. ఇల్లు దోచుకుపోయిన దొంగనైనా ఒకనాటికి మర్చిపోవచ్చుగానీ, దోచుకుని, పైగా మైకులో మెచ్చుకున్నవాణ్ణి ఎట్లా మర్చిపోతాడు మనిషన్నవాడు?

సున్నపుబట్టీల పేటలో ఇప్పుడు బట్టీలూ లేవు, సున్నమూ లేదు. ఊళ్లో వాడి పారబోసిన నీళ్లన్నీ మోసుకొచ్చే పెద్ద మురుగు కాలవ మాత్రం ఉంది. పేట ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలు చివర, కాలవ గట్టుకి ఆనుకుని, అన్నిటికంటే పల్లంలో ఉన్న రెండు గదుల ఇల్లు మస్తాన్రావుది. వాళ్ల నాన్న పట్టా తెచ్చుకున్న స్థలం. గట్టిగా నాలుగు చినుకులు పడితే కాలవ పొంగి, చుట్టం వచ్చినట్టు తిన్నగా ఆ ఇంట్లోకే వస్తుంది. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి మిక్సీలూ గ్రైండర్లూ బాగుచేసుకుంటూ బతుకుతున్న మస్తాన్రావుకి జీవితంలో ఒకటే కోరిక. కాలవ గట్టున నడుమెత్తు గోడ. వచ్చిన ప్రతి ఆఫీసర్నీ అదే అడిగాడు. వాళ్లూ ప్రతిసారీ తల ఊపారు.

అడగడంలో సున్నపుబట్టీల పేటకో పద్ధతుంది. పేదల లెక్క రాసుకునేవాళ్లు వస్తున్నారని కబురు తెలిస్తే చాలు, ఇళ్లల్లో ఫ్యాన్లు కిందికి దిగుతాయి. గ్యాస్ బండలు చర్చి వెనక్కి నడుస్తాయి. టీవీలు మంచాల కింద దుప్పట్లు కప్పుకుని పడుకుంటాయి. ప్రతి ఆడమనిషికీ ఒక సర్వే చీర ఉంటుంది. దాన్ని ఉతకరు, కుట్టరు, చిరిగిన మేర చిరగనిస్తారు. ఇక పోలయ్య తాత. ఆయన దగ్గు అట్లాంటిట్లాంటి దగ్గు కాదు. విన్న గుమాస్తా చేతిలో పెన్ను దానంతటదే 'నిరుపేద' అని రాసేస్తుంది. అందుకని ఆఫీసర్లు ముందువైపు నుంచి ఒక ఇంట్లోకి వస్తుంటే, పోలయ్య తాతని దొడ్డివైపు నుంచి పక్కింట్లోకి మోసేవాళ్లు. ఆ విధంగా ఆయన ఒక్క పూటలో సగం పేటకి ఇంటిపెద్ద అయ్యేవాడు.

ప్రసాదలింగం వచ్చిన రోజున కూడా పేట ఇట్లాగే ముస్తాబైంది. ఆయన మునిసిపాలిటీలో కొత్తగా పెట్టిన 'పట్టణ బలాల వికాస విభాగాని'కి అధిపతి. ఎక్కడో చల్లటి కొండల మీద పది రోజులు శిక్షణ పొంది, పేదవాళ్లు పేదవాళ్లు కారనీ, వాళ్ల బలాలు ఎవరూ చూడకపోవడమే అసలు జబ్బనీ తెలుసుకుని దిగాడు. ఖద్దరు జుబ్బా, భుజాన గోనె సంచీ, వెనకాల రాసుకోవడానికి ఒక గుమాస్తా.

మస్తాన్రావు భార్య నాంచారమ్మ సర్వే చీర కట్టుకుని, ఖాళీ బిందె చంకనెత్తుకుని ఎదురెళ్లింది.

"నీళ్లు లేవయ్యా. పంపు లేదు. మూణ్ణాలుగు రోజులకోసారి ట్యాంకరొస్తే..."

ప్రసాదలింగం చెవులు మూసుకున్నాడు. "అమ్మా! ఆ మాట వాడకండి. 'లేదు' అనే పదం ఈ విభాగం పరిధిలోకి రాదు. ఈ బిందెలో ఏముంది?"

"ఏమీ లేదయ్యా. చూడు" అని బిందె బోర్లించింది.

"ఉంది తల్లీ. అవకాశం ఉంది."

నాంచారమ్మ బిందెలోకి తొంగి చూసింది. పక్కనున్న ఆడవాళ్లూ ఒకరి తర్వాత ఒకరు చూశారు.

ప్రసాదలింగం అరుగెక్కాడు. "ఇంతవరకూ వ్యవస్థ మిమ్మల్ని లేమి దృక్కోణంలో వీక్షించింది. ఆ చారిత్రక తప్పిదాన్ని మేము సవరించబోతున్నాము. నేటి నుంచి ఈ పేటలో సమస్యలు ఉండవు. ఉన్నవన్నీ బలములే. అత్యధిక బలములు కలిగిన పేటకు సమస్త పనులలోనూ ప్రథమ ప్రాధాన్యము ఇవ్వబడును."

ఆయన జీపెక్కగానే పేట సంఘం ప్రెసిడెంటు బిక్షాలు సభ చేశాడు. బిక్షాలుది మస్తాన్రావు పక్కనే చికెన్ కొట్టు. కోడిని కోస్తూనే రాజకీయం మాట్లాడగల మనిషి.

"చూడండర్రా, ఇదివరకు ఏడిస్తే ఇచ్చేవాళ్లు. ఇప్పుడు నవ్వితే ఇస్తారంట. మనకేంటి నష్టం? నవ్వుదాం."

"నవ్వితే గోడ కడతారా?" అన్నాడు మస్తాన్రావు.

"నీకెప్పుడూ గోడ గొడవే మస్తానూ. ముందు ఆ మొహం సరిచేసుకో. నిన్ను చూస్తే మన మార్కులు తగ్గుతాయి."

మర్నాటికి పేట వేషం తిరగబడింది. చర్చి వెనకాలనుంచి గ్యాస్ బండలు ఊరేగింపుగా వచ్చాయి. టీవీలు మంచాల కిందనుంచి లేచి అరుగుల మీద కూర్చున్నాయి. సర్వే చీరలు మడిచిపెట్టి ఆడవాళ్లు పెళ్లి పట్టుచీరలు తీశారు. పోలయ్య తాతకి గడ్డం గీసి, మీసానికి రంగేసి, దగ్గావంటే ఊరుకోమని బెదిరించి అరుగుమీద కూర్చోబెట్టారు. ఆయనకిది అవమానంగా తోచింది. ఎంతైనా పేటకి పాతికేళ్లుగా అన్నంపెట్టిన దగ్గు అది.

ప్రసాదలింగం 'బలాల పాదయాత్ర' మొదలుపెట్టాడు. కాలవ దగ్గరికి రాగానే ఆగాడు. పనికెళ్లే ఆడవాళ్లు క్యారేజీలు పట్టుకుని అవతలి గట్టుకి ఒక్క గెంతు గెంతుతున్నారు. అక్కడుండే చెక్క వంతెన ఎప్పుడో కొట్టుకుపోయింది.

"ఆహా! అందరూ దూకగలరా?"

"దూకలేనోళ్లు పడతారండీ" అన్నాడు బిక్షాలు వినయంగా.

"రాసుకోవయ్యా. దూర లంఘన ప్రతిభ. ఇక్కడ వంతెన ప్రతిపాదన ఏదో ఉండాలే?"

"ఉందండి" అన్నాడు గుమాస్తా.

"కొట్టెయ్. వంతెన వేసి ఇంతమంది క్రీడాకారిణుల్ని చంపుకుంటామా?"

అక్కణ్ణుంచి బలాలు వానలా కురిశాయి. తెల్లారకముందే ట్యాంకర్ కోసం బిందెలు వరసగా పెట్టడం 'సామూహిక ఉషోదయ క్రమశిక్షణ' అయింది. పంపు వేస్తే ఆ క్రమశిక్షణ నశిస్తుంది కాబట్టి పైపులు వేరే పేటకి పంపేశారు. చీకట్లో గుంటలు తప్పించుకు నడవడం ఒక నైపుణ్యం అయింది. అది మొద్దుబారిపోకుండా, పేటలో వెలిగే ఒకే ఒక్క వీధిదీపాన్ని నిచ్చెన వేసి మరీ విప్పుకుపోయారు. ఇన్ని దోమల్లో బతికి ఉండటం ఎంత గొప్ప శరీర దారుఢ్యమో ఒక డాక్టరుగారు వచ్చి ఉపన్యసించారు. ఆయన దోమతెరలో నిలబడి ఉపన్యసించారు. ఆ రోజునుంచి దోమల మందు కొట్టే బండి రావడం మానేసింది. ఇన్నాళ్లూ దగ్గు బిగబట్టుకున్న పోలయ్య తాత ఒకనాడు ప్రసాదలింగం ఎదుటే ఇక ఆపుకోలేక ఒక్క దగ్గు దగ్గాడు. మూడు వీధుల అవతల కుక్కలు లేచి పరిగెత్తాయి.

పేట భయంతో బిగుసుకుపోయింది. ప్రసాదలింగం మాత్రం మైమరచిపోయాడు.

"విద్యుత్తు అక్కర్లేని హెచ్చరిక వ్యవస్థ! తాతగారూ, ఇంకోసారి!"

తాత కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మళ్లీ దగ్గాడు. ఆసుపత్రిలో ఆయనకిచ్చే మందుబిళ్లలు ఆ వారంనుంచే ఆపేశారు.

అయినా పేటలో ఒక్కరూ కిక్కురుమనలేదు. ఎందుకంటే బలానికో ప్రశంసాపత్రం ఇచ్చారు. అంచులకి బంగారు రంగు, మధ్యలో పేరు, పైన నిగనిగలాడే ప్లాస్టిక్ పొర. పుట్టి బుద్ధెరిగాక ఆఫీసువాళ్లు తిట్టకుండా చేతికిచ్చిన మొదటి కాగితం అది. నాంచారమ్మకి 'క్రమశిక్షణ రత్న' వచ్చింది. ఆవిడ దాన్ని దేవుడి పటాల పక్కన తగిలించి పసుపు బొట్టు పెట్టింది.

"పంపు పోయిందే పిచ్చిమొహమా" అన్నాడు మస్తాన్రావు.

"పంపుదేవుందయ్యా. రేపొస్తే ఎల్లుండి పోద్ది. నన్నెవరన్నా ఇన్నాళ్లూ గారూ అన్నారా? నాంచారమ్మగారూ అని మైకులో పిలిచారు. నువ్వు పిలిచావా ఎప్పుడన్నా?"

మస్తాన్రావు గోడ కోసం ఇంకో అర్జీ రాసుకున్నాడు. చొక్కా తగిలించుకుని ఆఫీసుకి పోయాడు.

ఆఫీసులో గుమాస్తా అర్జీ చదివి, కాలే గిన్నె పట్టుకున్నట్టు రెండు వేళ్లతో వెనక్కి ఇచ్చాడు. "గోడ అంటే అవసరం కదండీ. అవసరాలు మేము తీసుకోం."

"మరి ఎవరు తీసుకుంటారు?"

"అవసరాల విభాగం ఉండేదండి. మూసేశాం. ఆ గదిలోనే ఇప్పుడు ప్రశంసాపత్రాలకి ప్లాస్టిక్ పొర వేసే మిషన్ పెట్టాం."

మస్తాన్రావు తిన్నగా ప్రసాదలింగం గదిలోకి దూరాడు. లోపల ఇద్దరు మనుషులు గోడకి కొత్త ఏసీ బిగిస్తున్నారు. పాతది చల్లగానే ఉంది, కాకపోతే మోత చేస్తోందట.

"సార్, ఒక మాట. దోమలు కుట్టడం మా బలమైతే, చెమట పట్టడం మీ బలం కాదా? ఏసీ ఎందుకు మీకు?"

ప్రసాదలింగం నొచ్చుకోలేదు. జాలిగా నవ్వాడు. "మేము ఇదివరకే అభివృద్ధి చెందిన వర్గం, మస్తాన్రావుగారూ. దురదృష్టవశాత్తూ మాకు బలములు ఉండవు. అవసరములే ఉంటాయి. ఆ విషయంలో మిమ్మల్ని చూస్తే మాకు అసూయ."

బయటికొస్తుంటే గుమాస్తా వెనకాలే వచ్చి చెవిలో చెప్పాడు. "ఆదివారం బలాల మహాసభ. మీ పేటలో మీ ఒక్క ఇంటికే బలం నమోదు కాలేదు. బలం చెప్పని కుటుంబాన్ని బలరహిత కుటుంబంగా తీర్మానించి, బలం పుట్టేదాకా ఊరవతల కంకర క్వారీ దగ్గర షెడ్లలో ఉంచుతారట. ఏదో ఒకటి చెప్పెయ్యండి. మొన్న ఒకావిడ గురక చెప్పింది. తీసుకున్నారు."

ఆదివారం చర్చి ముందు షామియానా వేశారు. పట్టుచీరల రెపరెపలతో పేట పెళ్లివారిల్లులా ఉంది. ఒక్కొక్కరే లేచి బలం చెబుతున్నారు. జనం ఈలలు వేస్తున్నారు. అప్పు ఇచ్చినవాడు వీధి మలుపు తిరగకముందే వాసన పట్టగలనని ఒకడు చెప్పాడు. ఒక కోడిగుడ్డుతో ఆరుగురికి కూర చెయ్యగలనని ఒకావిడ చెప్పింది. ఆవిడకి రెండు ప్రశంసాపత్రాలు ఇచ్చి, ఆ ఇంటికి అంగన్‌వాడీ గుడ్లు ఆపమని అక్కడికక్కడే ఉత్తర్వు వేశారు. ఆవిడ రెండు చేతులా దండం పెట్టింది.

"కొండ్రు మస్తాన్రావుగారు!" అని మైకు పిలిచింది.

మస్తాన్రావు లేచాడు. మైకు ఊడబెరుకుతాడేమో అన్నంత గట్టిగా పట్టుకున్నాడు.

"నా బలమా? నా ఇల్లే సార్ నా బలం! ముంపు బలం. మీరంతా తాగి, కడిగి, ఒదిలిపెట్టిన నీళ్లన్నీ ముందు నా ఇంట్లోకే వస్తాయి. మోకాలు దాటి నడుం దాకా. నేనూ నా పెళ్లామూ మంచం మీద మంచం వేసుకుని, నెత్తిమీద గ్రైండర్లు పెట్టుకుని కూర్చుంటాం. మా ఇల్లు అంత తాగబట్టి మిగతా పేట పొడిగా ఉంటోంది. రాసుకోండి! ఊరి మురుగు మింగే బలం! ఇంతకంటే మొనగాడెవడన్నా ఉంటే రమ్మనండి!"

ప్రసాదలింగం కళ్లజోడు తీసి జుబ్బా అంచుతో తుడుచుకున్నాడు.

"ఇంత బలం పెట్టుకుని... దీన్ని గోడ కట్టి నాశనం చెయ్యమనా తమరు ఇన్నేళ్లూ అడుగుతున్నది?"

"నేను ఎగతాళికన్నాను సార్!"

"వినయం" అన్నాడు ప్రసాదలింగం. "రాసుకోవయ్యా. రెండో బలం, వినయం."

అప్పుడు లేచాడు బిక్షాలు. అంతవరకూ వేళ్ల మీద ఏవో లెక్కలు వేసుకుంటున్న మనిషి, ఒక్కసారిగా మొహం వెలిగిపోయి లేచాడు.

"నిజమేనండి! ఇప్పటిదాకా మాకు తట్టనే లేదు. కాలవ గట్టున గోడ కడితే ఆ నీళ్లు ఎగదన్ని తర్వాత మునిగేది నా కొట్టే. ఆ తర్వాత పోలయ్య తాత ఇల్లు. ఆ తర్వాత చర్చి. మస్తాను ఇల్లు మనందరి సొత్తర్రా! దాన్ని కాపాడుకోవాలి!"

షామియానా అదిరిపోయేట్టు చప్పట్లు. నాంచారమ్మ కూడా రెండు చప్పట్లు కొట్టి, మూడోది కొట్టబోతూ చేతులు గాల్లోనే ఆపేసింది.

"బిక్షాలూ, నీయబ్బ!" అని మస్తాన్రావు అరిచాడుగానీ అప్పటికే మైకు తీసేసుకున్నారు.

వారం తిరక్కుండా ఇంటిముందు బోర్డు వెలిసింది: 'ప్రథమ జల స్వీకరణ గృహము. పేట బలము నెంబరు ఒకటి.' దాని కింద షరతులు. అరుగు ఎత్తు చెయ్యరాదు. గడప పెట్టరాదు. ఇసుక బస్తాలు అడ్డం వేయరాదు. ఉన్న గడప నీటి స్వేచ్ఛకి భంగమని పీకించేశారు. బలాన్ని మరింత బలపరచాలని పైనుంచి నిధులు రావడంతో జేసీబీ కూడా వచ్చింది. ఇంట్లో గచ్చు లేపి, నిలువెత్తు లోతు చెయ్యాలట.

మస్తాన్రావు జేసీబీ ముందు అడ్డంగా పడుకున్నాడు. "నా మీదనుంచి పోనియ్యండిరా!"

ప్రసాదలింగం ఫొటో తీయించాడు. "స్థలముతో గాఢమైన అనుబంధం. మూడో బలం. నెమ్మదిగా లేపండయ్యా, ఆయన మనకి ఆస్తి."

మిక్సీలు బాగుచేసే గది గుంట అయింది. పడుకునే గది ఇంకాస్త పెద్ద గుంట అయింది. మస్తాన్రావు దంపతులు రేకుల కప్పు మీదకి మారారు. అది నాలుగో బలంగా నమోదైంది. ఆఖరికి గోడ కూడా వచ్చింది. సిమెంటు గోడ, నడుమెత్తు, మంచి కంకర. మస్తాన్రావు కప్పు మీదనుంచి చూస్తున్నాడు. కాలవ వైపున వదిలేసి మిగతా మూడు వైపులా కట్టారు. వచ్చిన నీళ్లు బిక్షాలు కొట్టులోకి పోకుండా.

మొదటి వానకి ప్రారంభోత్సవం. ఇతర పట్టణాలనుంచి ప్రతినిధులు గొడుగులతో వచ్చారు. బ్యాండు మేళం వాయించారు. కాలవ పొంగే వేళకి పోలయ్య తాత చేత మూడుసార్లు దగ్గించి, ప్రసాదలింగం రిబ్బను కత్తిరించాడు. నల్లటి నీళ్లు గుడగుడమంటూ ఇంట్లోకి దూకాయి. మిక్సీ జార్లు, నాంచారమ్మ పీట, ఎవరిదో బాగుచెయ్యడానికిచ్చిన ఫ్యాను రెక్క పైకి తేలి గుండ్రంగా తిరిగాయి. ప్రతినిధులు కళ్లింతలు చేసుకుని చూసి, తమ ఊళ్లలో ఇట్లాంటి ఇళ్లు ఎన్ని వృథాగా పడి ఉన్నాయోనని నిట్టూర్చారు. మిగతా పేట మొత్తం పొడిగా ఉంది. అరుగుల మీద మిరపకాయ బజ్జీలు తింటూ జనం కేరింతలు కొట్టారు.

"మస్తానన్నకీ..." అని బిక్షాలు అరిచాడు.

"జై!" అంది పేట.

కప్పు మీద తడుస్తూ కూర్చున్న నాంచారమ్మ మొగుడి భుజం పొడిచింది. "నేను మా అక్క దగ్గరికి పోతన్నా. నువ్వొస్తావా, బలంగా ఇక్కడే ఉంటావా?"

వెళ్లిపోదామంటే అదీ అంత తేలిక కాలేదు. వెళ్లేముందు ఇల్లు అమ్ముకుందామని ఆఫీసుకి పోతే, గుమాస్తా తీర్మానం కాగితం చూపించాడు. బలం వ్యక్తిది కాదట, సముదాయానిదట. కాబట్టి బలమని నమోదైన ప్రతిదీ పేట సంఘానికి దఖలు పడుతుందట. సంఘం తరపున బిక్షాలు సంతకం కూడా అయిపోయింది.

మస్తాన్రావు ఆ కాగితం పట్టుకుని ప్రసాదలింగం గదిలోకి పోయాడు. "సరే సార్. నష్టపరిహారం ఎంతిస్తారు?"

ప్రసాదలింగం కొత్త ఏసీ కింద కుర్చీలో వెనక్కి వాలాడు. "నష్టపరిహారం నష్టపోయినవాళ్లకి, మస్తాన్రావుగారూ. మీరు నష్టపోలేదు. సమర్పించారు. రేపు పేపరువాళ్లు వస్తున్నారు. రెండు ముక్కలు సంతోషంగా చెప్పండి."

పేపరతను వచ్చాడు. కుర్రవాడు, ఉత్సాహవంతుడు. గుంట గట్టున నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు. లోపల నీళ్ల మీద నాచు పట్టి, ఒక కప్ప హాయిగా ఈదుతోంది.

"పేట కోసం ఎంత స్థలం ఇచ్చారండీ మీరు?"

"ఇయ్యలేదు. పోయింది."

"అదేనండీ. ఎంత?"

మస్తాన్రావు గుంటకేసి చూడలేదు. వాళ్ల నాన్న పట్టా మీద ఉన్నది చిన్నప్పుడే కంఠతా వచ్చు అతనికి. బళ్లో నేర్చుకున్న పద్యాలన్నీ మర్చిపోయాడుగానీ అది మర్చిపోలేదు.

"తూర్పు, బజారు. పడమర, మురుగు కాలవ. ఉత్తరం, బిక్షాలు కొట్టు. దక్షిణం, పోలయ్య తాత పంచ. ఈ నాలుగు హద్దుల మధ్యన ముప్పై ఎనిమిదిన్నర గజాలు."